వేలు తట్టని సూది

నేను ఒక గాలి గడియారాన్ని. గంటలు చెప్పను, గాలి బరువు చెబుతాను. చదువుకున్నవాళ్లు భారమితి అంటారు. ఈ ఇంట్లో మాత్రం నన్ను 'ఆ సూది' అంటారు. ప్రస్తుతం వసారాలో బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాను. గోడకు సున్నం వేయడానికి దింపారు. సున్నం ఆరిపోయింది, వాదన మాత్రం ఆరలేదు.

"గోడ బోడిగా ఉందే. దాన్ని ఎక్కడిదక్కడ తగిలించు" అంటోంది అత్త పోలమ్మ, పొద్దుటి నుంచీ అదే మాట.

"కేలండరు తగిలిత్తాను. దీన్ని ఇత్తడి కొనేవోడికి ఇచ్చేత్తాను" అంటోంది కోడలు దేముడమ్మ.

"కేలండరు తుఫాను సెప్తాదేటే?"

"ఇది సెప్పిందేటత్తా?"

ఈ ఇంట్లో ఏ వాదనైనా చివరికి ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

ఎక్కడో చలిదేశంలో, కిటికీలకు ఆవిరి పట్టే కార్ఖానాలో నన్ను చేశారు. పైకి ఇత్తడి చుట్టు, గాజు మూత. లోపల, గాలి లాగేసి మూసిన పలచటి రేకు డబ్బీ. బయటి గాలి బరువెక్కితే అది నొక్కుకుంటుంది, తేలికైతే ఉబ్బుతుంది. ఆ కదలిక సూదికి అందుతుంది. నా విద్యంతా అంతే. గాలి తేలికైందంటే వాన దగ్గర పడిందని అర్థం. ఎందుకు పడిందో నాకు తెలియదు, నేను తెప్పించనూ తెప్పించను. నన్ను మొదట పెట్టుకున్న సరుకు ఓడ కెప్టెన్ మాత్రం, సూది కిందికి పడ్డప్పుడల్లా తుఫాను నా కడుపులోనే పుట్టినట్టు తిట్టిపోసేవాడు. ముందుగా చెప్పేవాడికీ, చేసేవాడికీ మనుషులు పెద్ద తేడా చూడరు.

అయితే తిట్టేముందు గాజు మీద వేలితో ఒకసారి తట్టేవాడు. నాకు అది కావాలి. నా సూది బద్ధకపుది. చిన్న కుదుపు తగిలితే గానీ అసలైన చోటికి జరగదు.

ఓడ ముసలిదై విశాఖలో తునకలైపోయింది. ఆ తునకల్లో నన్ను ఏరుకున్నది పెంటయ్య, పోలమ్మ మొగుడు. భీమిలికి ఉత్తరాన సముద్రపు ఒడ్డు పల్లెలో, ఈ గోడకే తగిలించాడు. నా ముఖం మీది ఇంగ్లీషు ఇంట్లో ఎవరికీ రాదు. అందుకని కొత్తగా కాపురానికి వచ్చిన దేముడమ్మ, మామ అడిగి తెలుసుకుని చూపిస్తే, తుఫాను అని రాసి ఉన్నచోట గాజు మీద తన ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. సూది బొట్టు వైపు నడిస్తే తెప్ప కదలదు. అదీ ఇంటి చట్టం.

పెంటయ్య రోజూ తెల్లవారుతూనే గాజు మీద తట్టేవాడు. ఓడ సామాను అమ్మినవాడు అలా తట్టాలని చెప్పాడు, ఈయన ఎందుకని అడగలేదు. ఇంట్లోవాళ్లు అది ముద్దనుకున్నారు. "నన్ను ఏనాడైనా అలా పలకరించాడేటి?" అని పోలమ్మ దెప్పేది. ఏళ్ల తరబడి తట్టీ తట్టీ గాజు మీద ఒకచోట ఆయన వేలిముద్ర మసకగా నిలిచిపోయింది.

ఆయన పోయిన రోజున పోలమ్మ నా ముందు నిలబడి ఆ ముద్రను చూసి కుప్పకూలింది. లేచాక ఒకే మాట అంది: "పెద్దకర్మ అయ్యేదాకా ఆయన సెయ్యి పెట్టిన సోట ఎవురూ సెయ్యి పెట్టొద్దు." ఎవరూ పెట్టలేదు. చావింట్లో రేడియో కూడా పాడదు కదా, దాన్నీ కట్టేశారు.

కర్మకు పెద్దకొడుకు ఎర్రన్న కూర్చున్నాడు. ఊరి భోజనాలకు చేప కావాలని చిన్నకొడుకు మసేను, దేముడమ్మ మొగుడు, తెప్ప తీశాడు. గుమ్మంలో ఆగి, "సూది ఎలాగుందే?" అని అడిగాడు. చంకలో పసిబిడ్డతో దేముడమ్మ నా వైపు చూసి, "బాగానే ఉంది, ఎల్లిరా" అంది.

ఆ పొద్దున నా డబ్బీ ఉబ్బిపోయి ఉంది. లోపల అంతా బిగుసుకుపోయింది. సూది మాత్రం తుప్పు పట్టిన ఇరుసులో ఇరుక్కుని, పాత మంచి రోజునే చూపిస్తోంది. ఒక్క వేలు చాలు. నాకు గొంతు లేదు.

మధ్యాహ్నానికి గాలివాన దిగింది. తెప్ప బోర్లపడి ఒడ్డుకు వచ్చింది. మనిషి రాలేదు.

కర్మ అయ్యాక కూడా గాజు మీద ఎవరూ తట్టలేదు. అప్పటి నుంచి ఈ ఇంట్లో తెల్లవారడం అంటే నాకు భయం. చీకటి విడీ విడకముందే దేముడమ్మ నా ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆమె ఊపిరి గాజు మీద మంచులా పట్టి కరుగుతుంది. పెదవులు కదులుతాయి: బాగానే ఉంది, ఎల్లిరా. గాజులో నుంచి ఆమె ముఖమే ఆమెను చూస్తుంది, దాని నడుమ పెంటయ్య వేలిముద్ర.

పోలమ్మ దగ్గర మాత్రం అన్నిటికీ కారణం ఉంది. ముసలాయనకు అక్కడ ఒంటరిగా తోచక చిన్నకొడుకును పిలిపించుకున్నాడు. అందుకే సూది నోరు నొక్కాడు. వల చిరిగినా ఆయనే, మేక ఈనినా ఆయనే.

ఈ రోజు ఆ మాటే మళ్లీ అంటుంటే, ఆనాడు చంకలో ఉన్న పసిబిడ్డ, ఇప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం చదివే ఈశ్వరి, నన్ను చేతిలోకి తీసుకుంది.

"నానమ్మా, సూది పడితే తాత సెప్పాడంటావు. పడకపోతే తాతే ఆపాడంటావు. మరేటి జరిగితే నీ మాట తప్పవుద్ది?"

"తప్పెందుకవుద్దే గుంటా? నిజమైతేను!"

ఎర్రన్న నవ్వాపుకోలేక బీడీ పారేశాడు. ఈశ్వరి నవ్వలేదు.

"నాను సెప్పేది తప్పవ్వచ్చు. సూది ఇరుసులో పట్టేస్తందని నా అనుమానం. రేడియోలో వాయుగుండం అంటన్నారు కదా. గోడకి తగిలిద్దాం, ఎవురూ ముట్టొద్దు. మబ్బు పట్టినా సూది కదలకూడదు. అప్పుడు వేలితో తడితే ఒక్కసారే పడాలి. పడకపోతే నాను ఓడినట్టు, అమ్మ ఇష్టమొచ్చినట్టు అమ్మేసుకోవచ్చు."

దేముడమ్మ కూతురి ముఖంలోకి చూసింది. "పడితే?" అంది.

ఈశ్వరి మేకు వెతకడానికి లేచింది.

నన్ను తగిలించారు. దింపినప్పటి కుదుపులకు సూది కాస్త కదిలి, మంచి వాతావరణం దగ్గర నిలిచి ఉంది. మర్నాటికి సముద్రం సీసం రంగుకు తిరిగింది. ఎర్రన్న తెప్పను పైకి లాగి కట్టేశాడు. కొబ్బరాకులు ఒకే వైపు ఒరిగాయి. నా లోపల డబ్బీ ఉబ్బింది, అంతా బిగిసింది. సూది మాత్రం కదల్లేదు. ఆ పొద్దున ఎలా ఉందో, అచ్చం అలాగే.

నలుగురూ వచ్చి నా ముందు నిలబడ్డారు. ఈశ్వరి చెయ్యి ఎత్తింది.

"నువ్వాగు" అంది దేముడమ్మ. ముందుకు వచ్చి, పెంటయ్య ముద్రను తాకకుండా, దాని పక్కనే ఒకసారి తట్టింది.

సూది జారింది. ఒక్క ఊపులో జారి, వెలిసిపోయిన ఎర్ర బొట్టు కింద వణుకుతూ నిలిచింది.

గెలిచిన ఈశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎర్రన్న తల్లి వైపు చూసి, వెంటనే చూపు దించేశాడు. బయట మొదటి చినుకులు కొత్త సున్నం మీద మచ్చలు వేస్తున్నాయి. దేముడమ్మ వేలు ఇంకా గాజు మీదే ఉంది.

"అబద్ధం సెప్పనేదన్నమాట" అంది తనలో తాను. "నానూ సెప్పనేదు."

వెనక పోలమ్మ గోడ పట్టుకుని నేల మీద కూలబడింది. ఆమె గొంతు నేను ఎన్నడూ విననంత చిన్నగా ఉంది. "ముట్టొద్దన్నది నానే కదే."

అవునని అనడానికి దేముడమ్మకు ఒక్క మాట చాలు. ఇన్నేళ్లుగా తను మోసిన బరువు మొత్తం అవతల దించేయవచ్చు. ఆమె వంగి, అత్త రెక్క పట్టుకుని లేవదీసింది. నా ముందుకు నడిపించుకు వచ్చి, ఆ ముడతల వేలిని పట్టి, గాజు మీద మసక ముద్ర పైనే ఆనించింది.

తర్వాత ఎవరి వైపూ చూడకుండా, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మెల్లగా, అందరికీ వినబడేలా అంది:

"దీన్ని అమ్మను. ఇక్కడే ఉంటాది. రేపట్నించి రోజూ అత్తే తడతాది. ఇంట్లో సావున్నా సరే."