పెద్దమ్మ విన్న సన్నివేశం

శనివారం పొద్దున్నుంచి గీతాంజలికి కాలు ఒకచోట నిలవలేదు. బెంగళూరు మడివాళలోని పీజీలో ముగ్గురుండే గది. మంచానికీ తలుపుకీ మధ్య నాలుగడుగులే. ఆ నాలుగడుగుల్లోనే తిరుగుతూ, భరత్ అనే అతను ఫోన్‌లో పెట్టిన ఒక్క వాక్యాన్ని పదేపదే చదువుకుంటోంది: "కుక్కర్ ఆపుతుంది కదండీ, మీరు సరిగ్గా చూశారా?"

సరిగ్గా కాదు, ఆమె అసలు చూడనే లేదు.

తమకు నచ్చిన సినిమాలూ నవలలూ సిరీస్‌ల గురించి కబుర్లాడుకునే తెలుగు గ్రూపు అది. వారం కిందట గీతాంజలి అందులో, అందరూ చూస్తున్న ఒక సిరీస్ గురించి రాసింది. కథలో ఇల్లాలు ఇరవై ఏళ్ళ కాపురం వదిలి వెళ్ళిపోతుంది. "ఆమె గడప దాటాక కుక్కర్ కూస్తూనే ఉంది. ఇంటినిండా మనుషులున్నా లేచి ఆపినవాళ్ళు లేరు. ఆమె ఎందుకు వెళ్ళిందో ఆ కూతే చెప్పింది" అని. ఆరువందల మంది మెచ్చుకున్నారు. ఆదివారం జయనగర్‌లో కలుస్తున్నాం, వచ్చి మాట్లాడమన్నారు.

ఆ మాట చిక్కపేటలో ఉండే పెద్దమ్మ పుష్పావతిది. ఆమె చీర కొంగులకు కుచ్చులు కడుతుంది. కళ్ళు దారం మీదే ఉంటాయి గనుక సిరీస్‌లను చూడదు, వింటుంది.

గీతాంజలి ఇప్పుడా ఎపిసోడ్ పెట్టుకుంది. కుక్కర్ కూసింది. మెట్లు దిగిన ఇల్లాలు వెనక్కి వచ్చి, చెప్పులతోనే వంటింట్లోకి పోయి, స్టవ్ కట్టేసి, మళ్ళీ వెళ్ళిపోయింది. ఒక్క మాట లేదు.

మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. చిక్కపేటలో దిగి, తోపుడుబండ్ల మధ్య దాదాపు పరుగెత్తింది.

"పెద్దమ్మా, దారం పక్కన పెట్టి ఇది సూడు."

పుష్పావతి కళ్ళజోడు సర్దుకుని చూసింది. వెనక్కి జరిపించి మళ్ళీ చూసింది.

"ఆమే వచ్చి ఆపిందా! కూసి కూసి నిల్చిపోతే, గ్యాస్ అయిపోయిందేమో అనుకుంటి."

"ఇప్పుడు నచ్చిందా?"

"నచ్చలేదప్పా. పోయేది పోక, మళ్ళా వంటింట్లోకి ఎందుకు రావాల? మాడితే మాడనీ." మళ్ళీ దారం అందుకుంది. "లేదులే. నేనైనా వచ్చి ఆపేదాన్నే. అందుకే కోపమొస్తాండాది."

గీతాంజలి ఫోన్ పక్కన పెట్టింది. "నువ్వు చెప్పిన మాట నాదని రాసినాను పెద్దమ్మా. శానామంది సదివినారు."

పుష్పావతి చేతిలో దారం ఆగిపోయింది. "నా పేరు ఒక ముక్క రాసింటే నీ సొమ్మేం పోయేది? నాకు చెప్పుకోను ఎవురుండారు? నువ్వొస్తే చెప్పాలని దాచిపెట్టుకుంటా."

"రేపు నువ్వే వచ్చి చెప్పు. నేను తీసుకపోతా."

"పెండ్లి చీరలుండాయి. నువ్వు చేసింది నువ్వే చెప్పుకో."

ఆ రోజు కాఫీ తాగమనలేదు.

ఆదివారం ముప్ఫై మంది వచ్చారు. గీతాంజలి లేచి, మాట ఎవరిదో, తాను చూడకుండానే ఎలా రాసిందో అంతా చెప్పేసింది. ఎవరో నవ్వారు. ముందు వరసలో ఒకావిడ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. గ్రూపు నడిపే చైతు ఇబ్బందిగా కదిలి, "మరి ఈమధ్య మీకు నచ్చిందేమిటి?" అన్నాడు.

తనకు ఏం నచ్చిందని ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. ఏడాదిగా ఇతరులకు ఏం నచ్చుతుందో చూసుకుంటూనే గడిపింది.

"ఒక నవల సగంలో ఉన్నాను," అంది చివరికి. "అందులో రిటైరైన బస్సు కండక్టర్ ఇంట్లో కూడా నిలబడే అన్నం తింటాడు. భార్య కూర్చోమంటే కూర్చోడు. అక్కడ ఆగిపోయాను. బాగుందో లేదో తెలీదు. నాలుగు రోజులుగా ఆయన నన్ను వదలడం లేదు."

చప్పట్లేమీ లేవు. వెనక నుంచి భరత్ మాత్రం ఆ నవల పేరు అడిగి రాసుకున్నాడు.

బయటికి వచ్చి పెద్దమ్మకు ఫోన్ చేసింది. రెండుసార్లు తీయలేదు. మూడోసారి తీసింది.

"పని ఉండాది, బేగ చెప్పు."

"అందరి ముందర చెప్పేసినాను, పెద్దమ్మా."

"ఊఁ. తరువాతి ఎపిసోడ్ సూసినావా?"

"ఇంకా లేదు."

"సూడు. నీకేమనిపించిందో నువ్వు చెప్పు. ఈసారి నేను ముందు చెప్పను."