పన్నెండు కుండీలు

దెబోరా ఆంటీ ఆరు వారాలకి ఇండియా వెళ్తూ తన గ్రీన్‌హౌస్ నాకు అప్పగించింది. నేపర్‌విల్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల, ఆమె పెరట్లో ఉంటుంది అది. చలికి మొక్కలు చావకుండా ప్లాస్టిక్ పలకలతో కట్టిన చిన్న గది.

"మీ అంకుల్‌కి మొక్కకీ కలుపుకీ తేడా తెలీదే పర్సీ. నువ్వయితే ఊళ్ళో పెరిగినదానివి" అంది.

ఊళ్ళో జిల్లా పరిషత్ బడిలో తొమ్మిది దాకా చదివి, అమ్మానాన్నల దగ్గరికి వచ్చి ఏడాదయింది. ఇక్కడి బడిలో నేను ఏదన్నా అంటే "వాట్?" అంటారు. రెండోసారి చెప్పను. గ్రీన్‌హౌస్‌లో మాత్రం మాట్లాడేదాన్ని. అక్కడ పన్నెండు కరివేపాకు కుండీలు ఉండేవి, ఆంటీ గింజ నుంచి రెండేళ్ళు పెంచినవి. మా తెలుగు చర్చికి కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఈస్టర్ రోజున తలా ఒకటి ఇస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లల మీద వాళ్ళ పేర్లు రాసి గుచ్చింది. ఆ పేర్లతోనే మొక్కల్ని పిలిచి కబుర్లు చెప్పేదాన్ని. బాగా చూసుకుంటే ఈస్టర్ నాడు వాటిని నా చేత్తోనే ఇప్పిస్తానని, వేసవిలో పెరటి మడిలో ఒక వరస నాకే వదిలేస్తానని ఆంటీ అంది. ఈ దేశంలో నన్ను నమ్మి ఎవరైనా ఇచ్చిన పని అదొక్కటే.

కుళాయి నీళ్ళు మరీ చల్లనని ముందురోజే బకెట్లో పట్టి లోపల ఉంచేదాన్ని. మట్టిలో వేలు పెట్టి, తడి తగలకపోతేనే పోసేదాన్ని. గ్రీన్‌హౌస్‌ని వెచ్చగా ఉంచే హీటర్‌కి కరెంటు ఆంటీ వాళ్ళ గరాజ్‌లోంచి ఒక పొడుగాటి వైరు మీద వచ్చేది.

డిసెంబర్ చివరి శనివారం సాయంత్రం ఆంటీ వాళ్ళాయన అబ్రహాం అంకుల్ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాడు. ఇంట్లో వాసన నిలవకూడదని మనవాళ్ళు ఇక్కడ చేపలు గరాజ్‌లో వేయిస్తారు. నాలుగింటికి నేను చూసినప్పుడు హీటర్ నడుస్తోంది, అంకుల్ ఇంకా ముక్కలకి కారం పట్టిస్తున్నాడు.

ఆదివారం పొద్దున వెళ్తే బకెట్లో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఆకులు ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి. గరాజ్‌లోకి పరుగెత్తాను. హీటర్ ప్లగ్గు నేలమీద ఉంది. దాని చోట కరెంటు పెనం ప్లగ్గు ఉంది. ఏమీ ఆలోచించకుండా పెనానిది పీకేసి హీటర్‌ది పెట్టేశాను. ఆ తర్వాతే అంకుల్‌ని పిలిచాను. ఆ వరస తప్పు.

ఆయన వచ్చేసరికి హీటర్ ఎర్రగా వెలుగుతోంది.

"హీటర్ బానే వర్క్ చేస్తోందిగా. నిన్న డోర్ సరిగ్గా క్లోజ్ చేశావా?"

వేశానన్నాను. "అంకుల్, ప్లగ్గు..." అని గరాజ్ వైపు చూపించాను. ఆయన వెళ్ళి నూనె గడ్డకట్టిన పెనాన్ని, పక్కన పడున్న దాని ప్లగ్గుని చూశాడు. తర్వాత పెనం తీసి అరలో పెట్టి, చర్చికి టైమవుతోంది, వెళ్ళి రెడీ అవ్వమన్నాడు.

తలుపు నేనే తీసి వదిలేశానని ఆ రోజే ఆంటీకి ఫోన్‌లో చెప్పాడట. చిన్నపిల్ల, ఏమీ అనొద్దని కూడా చెప్పాడట. అమ్మకి జరిగిందంతా చెప్పాను. అమ్మ గిన్నె కడుగుతూ ఆగింది.

"ఆయన పీకుతుంటే నువ్వు చూశావా?"

"లేదు."

"మరింకేం మాట్లాడతావ్? మనం దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌కి కారేసుకుని వచ్చింది ఆయనే. నోరు మూసుకో."

జనవరిలో ఆంటీ తిరిగొచ్చింది. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఆ పన్నెండు కుటుంబాలూ ఉన్నాయి. అమ్మ నా మోచెయ్యి పొడిచింది. సారీ ఆంటీ, తలుపు వెయ్యడం మర్చిపోయానని అందరికీ వినబడేలా చెప్పాను.

"పోనీలేమ్మా. మొక్కలంటే నీకు నిజంగా ఇష్టం అనుకున్నాను" అంది ఆంటీ. వచ్చే చలికాలం వాళ్ళ చెల్లెలి కూతురు ప్రిస్సిల్లాకి అప్పగిస్తానని అక్కడే పక్కావిడతో అంది. ఈస్టర్ ఊసు ఎత్తలేదు.

కోట్లు తగిలించే చోట అంకుల్ ఒంటరిగా నా దగ్గరికి వచ్చాడు.

"ఆ ప్లగ్గు సంగతి ఎక్కడా అనలేదు కదా. మంచిపిల్లవి."

థాంక్యూ అంకుల్ అన్నాను. ఆయన నా కోసం తలుపు తెరిచి పట్టుకుని, మెట్ల మీద మంచు ఉంది, చూసుకుని దిగమన్నాడు.