పెళ్లి ఫొటోలో దొంగ

గాలి లేస్తోంది, అడవిలో ఒక్కరు కూడా ఉండకూడదని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఫారెస్ట్ గార్డుగా కొత్తగా చేరిన, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే అమ్మాయి ఈల వేసుకుంటూ అడవి చూడటానికి వచ్చినవాళ్లందరినీ గేటు దాటించింది. మిగిలింది పెళ్లి ఫొటోలు దిగుతున్న సొంత అక్క, కాబోయే బావ, వాళ్ల ఫొటోగ్రాఫరు.

"అక్కా, పద! గాలి ముదురుతోంది."

"ముదరనీవే! నా గౌను ఎలా ఎగురుతోందో చూడు!"

"ఈ గాలి కోసం ఫ్యాన్లు అద్దెకు తెస్తుంటా మేడమ్. ఊరికే వస్తుంటే వదులుకుంటానా?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

పిచ్చుక తలెత్తి చూసింది. అక్క ఆనుకున్నది ఎండిన చెట్టు. పైన విరిగిన కొమ్మొకటి పక్క కొమ్మకు చిక్కుకుని, పడనా వద్దా అన్నట్టు ఊగుతోంది.

"బావా, పైన చూడండి! మీరైనా చెప్పండి."

"ఇంత లావు చెట్టు చాటున ఉంటే గాలేం తగులుతుంది, మరదలు పిల్లా?"

"గాలి తగలదు, చెట్టు తగులుతుంది!"

ముగ్గురూ పకపకా నవ్వారు. ఆమె గట్టిగా ఈల ఊదింది.

"భలే! అలాగే ఊదండి, మేడమ్ గిర్రున తిరుగుతారు," అన్నాడు ఫొటోగ్రాఫరు.

అక్క తిరిగింది కూడా. ఇంట్లో కడగొట్టుది ఎంత యూనిఫాం వేసినా కడగొట్టుదే! పిచ్చుక ఫొటోగ్రాఫరు లెన్సుల బ్యాగు చంకన పెట్టుకుని పరుగు లంకించుకుంది.

"అయ్యో, నా ప్రాణాలు అందులోనే ఉన్నాయి!"

"ఒసేయ్ పిచ్చుకా! ఆగవే!" గౌను మోకాళ్లదాకా ఎత్తి అక్క, ఆమె ఊడిన చెప్పు పట్టుకుని బావ, వెనక రొప్పుతూ ఫొటోగ్రాఫరు.

చెట్టు పొడవుకు మించి దూరం వెళ్లాలని శిక్షణలో చెప్పారు. అందుకే బయలు మధ్యకు చేరేదాకా ఆమె ఆగలేదు. ఆగగానే వెనక ఫెళ్లున చప్పుడు. అక్క గిర్రున తిరిగిన చోటే కొమ్మ పడి ఉంది.

ముందుగా అక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కిళ్లదాకా వెళ్లి అందరికీ అంటుకుంది.

పరుగులో ఫొటోగ్రాఫరు వేలు కెమెరా బటన్ మీదే ఉండిపోయిందట. పెళ్లి హాలు గుమ్మంలో అక్క పట్టుబట్టి అలా పడిన ఫొటోనే పెట్టించింది. అందులో ఒక్కరి ముఖమూ లేదు, అన్నీ వీపులే. అందరికంటే ముందు యూనిఫాంలో బ్యాగు దొంగ.

"ఈవిడ ఈల వేస్తే ఇప్పుడు మారుమాట్లాడం," అన్నాడు బావ అతిథులతో.

"నిజమా?" అని పిచ్చుక మెల్లిగా ఈల వేసింది.

పెళ్లికూతురు, పెళ్లికొడుకు, ప్లేటు చేతిలో ఉన్న ఫొటోగ్రాఫరు తలుపువైపు దూసుకుపోయారు.