తెల్ల పేజీలో తెల్ల మాటలు

నేను వేలు పెట్టి చదువుతాను. బడికి వెళ్లి నేర్చుకున్న చదువు కాదు నాది. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఆ మిషన్లతో వచ్చే చిన్న పుస్తకాల్లో బొమ్మనీ పక్కనున్న అక్షరాల్నీ కలిపి చూసుకుంటూ సూది, దారం, చక్రం దగ్గర మొదలుపెట్టి నవలల దాకా వచ్చాను. ఇప్పటికీ వరస కింద వేలు లేకపోతే నా కళ్లు పై వరసలోకి జారిపోతాయి. కంప్యూటర్ మీద వేలు పెడితే మరకలు పడతాయని అమ్మాయి గోల. అందుకని మౌసు నొక్కి పట్టుకుని వరస వెంట లాగుతాను. లాగినంత మేరా నీలం పరుచుకుంటుంది. ఆ నీలం వెనకే నేను చదువుకుంటూ పోతాను.

"అక్షరాలకి నీలిమందు పెడుతున్నావా అమ్మా?" అంటుంది అమ్మాయి.

"ఉతికి ఆరేస్తున్నాను. నీకేం?" అంటాను నేను.

మాది రంగుల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుకు దుకాణం. వెనక రెండు గదుల్లో కాపురం. మా ఆయన పోయి ఆరేళ్లయింది. పని అమ్మాయి చేతికి వచ్చింది. మిషను తిప్పుతూ కళ్లు మూసుకుని ఒక నిమిషం వింటుంది, ఎక్కడ అరిగిందో చెప్పేస్తుంది. నలభై దాటినా తండ్రి దగ్గర పని నేర్చుకునే పిల్లలాగే ముందుకు వంగి కూర్చుంటుంది. కాని పని తెలిసినంత మాత్రాన జనం రారు. ఈ రోజుల్లో ఎవరికేం కావాలన్నా ముందు ఫోనులో వెతుకుతారు. అమ్మాయి మా దుకాణానికి ఒక వెబ్‌సైట్ పెట్టింది గాని, వెతికినవాళ్లకి అది ఐదో పేజీలో ఎక్కడో కనిపించేది. అంత దూరం ఓపికపట్టేది నాలాంటి పనిలేనివాళ్లే.

అలాంటప్పుడు ఆ ఉత్తరం వచ్చింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో బట్టల ఫ్యాక్టరీ. ఆరువందల మిషన్లు. వాటిని చూసుకునే ఉద్యోగం, ఉండటానికి హాస్టల్లో గది. మూడు నెలలు గడువిచ్చారు, ఆ తరవాత ఒకటో తారీఖున చేరాలి.

"హాస్టల్లో అమ్మల్ని ఉండనివ్వరు కదే," అన్నాను.

"కొన్నాళ్లు పిన్ని దగ్గర ఉందువుగాని. ఈలోగా ఇక్కడ పని పుంజుకుంటే అసలు వెళ్లనే వెళ్లను," అంది.

నా కళ్లు అల్మరా మీది గోధుమరంగు పెట్టె మీదికి పోయాయి. మా నాన్న కాలం నాటి పెట్టె అది. దాన్ని పట్టుకునే మా అన్నయ్య ఇల్లు వదిలాడు, పెట్టెని మాత్రం తరవాత తిరిగి పంపాడు. దాంతోనే మా అక్క ఆస్పత్రికి వెళ్లింది. పెట్టె తిరిగొచ్చింది, అక్క రాలేదు. ఏ పెట్టే లేకుండా వెళ్లిపోయినవారు మా ఆయన ఒక్కరే. ఆ మధ్యాహ్నం అమ్మాయి ముందు గదిలో పనిలో ఉండగా పెట్టె దించి, కుట్టు సరిచూడటానికి వాడే గుడ్డముక్కలన్నీ అందులో కుక్కి, మూత మీద కూర్చుని తాళం వేశాను. ఎందుకని అడిగితే ఇంట్లో చోటు లేదని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

తరవాతి వారం 'మొదటిపేజీ' వచ్చాడు. అమ్మాయితో చదువుకున్నవాడు. దుకాణాల వెబ్‌సైట్లని సెర్చ్‌లో పైకి తేవడం అతని వృత్తి. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

"ఐదో పేజీ అంటే ఊరవతల ఇల్లు పిన్నిగారూ. పిలిచినా ఎవరూ రారు. మొదటి పేజీ అంటే బస్టాండు ఎదుటి కొట్టు."

"అక్కడికి ఎలా తెస్తావు నాయనా?"

"భోజనం పెడితే తినాలి గాని వంటింట్లోకి తొంగిచూడకూడదు," అని నవ్వాడు.

"ఏం చేస్తావో నాకూ చెప్పకు. ఫోను మోగితే చాలు," అంది అమ్మాయి, తల ఎత్తకుండా.

మూడు వారాలకి ఫోను మోగింది. మోగుతూనే ఉంది. వరండాలో మిషన్లు వరస కట్టాయి. ఫ్యాక్టరీ మాట అమ్మాయి నోట రావడం మానేసింది. పెట్టె మీద దుమ్ము పేరుకుంది. రోజూ ఇల్లంతా తుడిచేదాన్ని, దాన్ని మాత్రం తుడిచేదాన్ని కాదు.

ఒక్కటే నాకు అంతుపట్టలేదు. వచ్చినవాళ్లలో కొందరు గుమ్మంలో నిలబడి, "ఇది వంతెన మేస్త్రిగారి కొట్టేనా?" అని అడిగేవారు. "ఇక్కడా అదే పని చేస్తామండీ," అనేది అమ్మాయి. కొందరు మిషను దింపేవారు, కొందరు వెనక్కి తిరిగేవారు.

వంతెన పక్కన కొట్టు కాబట్టి వంతెన మేస్త్రి అంటారు గాని, ఆయనదీ కుట్టుమిషన్ల పనే; మా ఆయనకి పని నేర్పిన గురువు. సొంతంగా కొట్టు పెట్టుకుంటానని మా ఆయన చెప్పిన రోజున ఆయన అవుననలేదు, కాదనలేదు. తన స్క్రూడ్రైవరు ఒకటి తీసి చేతిలో పెట్టి, మళ్లీ పనిలోకి వంగిపోయారు. ముప్పై అయిదేళ్లు ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండి మాట్లాడుకోలేదు. మా ఆయన పోయిన రోజు మాత్రం వచ్చి గేటు దగ్గరే కాసేపు నిలబడి వెళ్లారు. ఆ స్క్రూడ్రైవరు ఇప్పుడు అమ్మాయి వాడుతోంది.

ఒక మధ్యాహ్నం మా వెబ్‌సైట్ తెరిచి చదువుతున్నాను. మా పనితనాన్ని మెచ్చుకుంటూ పన్నెండుమంది రాసినవి అందులో ఉన్నాయి. ఈ గుమ్మం తొక్కిన మిషను ఏదీ నాకు తెలియకుండా పోదు. ఈ పన్నెండుమందిలో ఒక్కరూ తెలియలేదు. పైగా పన్నెండుమందీ అచ్చం మొదటిపేజీ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. సరే అని కిందికి వచ్చాను. చివర ఫోను నంబరు, ఆ కింద అంతా ఖాళీ. చెయ్యి జారి మౌసు ఆ ఖాళీలోకి పోయింది. ఖాళీ మీద నీలం పరుచుకుంది. ఆ నీలంలో తెల్లగా అక్షరాలు తేలాయి.

వంతెన మేస్త్రి కుట్టుమిషను రిపేరు. వంతెన మేస్త్రి దుకాణం. వంతెన మేస్త్రి ఫోను నంబరు. పాత మిషన్లకు వంతెన మేస్త్రి. అలా నలభైసార్లు.

పక్కన ఒకసారి నొక్కి వదిలాను. అక్షరాలు మునిగిపోయాయి. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు. మనిషి కంటికి కనపడదు, వెతికే యంత్రం మాత్రం చదువుకుంటుంది. ఆయన కోసం వెతికినవాళ్లని మా గుమ్మంలోకి తెచ్చి పడేస్తోంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అనేవారు. ఈ సంగతి తొమ్మిది రోజులు నానింది. ప్రతి ఉదయం చెప్పాలనుకునేదాన్ని. ప్రతి ఉదయం పెట్టె మీది దుమ్ము చూసేదాన్ని.

పదోనాడు ఒకావిడ వచ్చింది. దుప్పట్లో చుట్టిన మిషనుని చంటిపిల్లలా చంకనెత్తుకుని, చెమటలు కక్కుతూ.

"మేస్త్రిగారు లోపలున్నారా?"

"ఏమైందండీ మిషనుకి?" అంది అమ్మాయి.

"దారం తెగుతోందమ్మా. మా అమ్మ మిషను ఇది. ఇరవై ఏళ్ల కిందట దీని అడుగు దారం నడిపే షటిల్ ఎక్కడా దొరక్కపోతే, దొరికిన పెద్దదాన్ని ఆయనే అరగదీసి పెట్టారు. 'దీని మీద ఇంకో చెయ్యి పడనివ్వకు' అని చెప్పి పోయింది మా అమ్మ. రెండు బస్సులు మారి వచ్చాను. ఆయన్ని ఒక్కసారి పిలవండి."

అమ్మాయి తన చేతిలోని స్క్రూడ్రైవరు కేసి చూసింది. "ఆయన..." అంది.

లోపలి గుమ్మంలోంచి నేను అన్నాను, "ఆయన ఇక్కడ ఉండరమ్మా. వంతెన దిగగానే ఎడమ పక్కన, ఆకుపచ్చ తలుపు."

"అదేమిటి, ఫోనులో ఆయన పేరు కొడితే మీ కొట్టే వచ్చిందే!"

"రాకూడనిది వచ్చింది. తప్పు మాదే."

ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి స్టూలు మీద కూలబడింది. "ముందు మంచినీళ్లివ్వండి. తాగి తిడతాను," అంది. నీళ్లు తాగాక తిట్టనే తిట్టింది. మేం విన్నాం. తరవాత అమ్మాయి ఆ మిషను తనే ఎత్తుకుని బస్‌స్టాపు దాకా వెళ్లి, ఆవిడని ఎక్కించి వచ్చింది.

వచ్చి చాలాసేపు నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంది.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"తొమ్మిది రోజులు."

"ఎలా తెలిసింది?"

"నీలిమందు పెడుతుంటే."

"మరి చెప్పలేదేం?"

"పెట్టె మీద దుమ్ము పడుతోంది కదే," అన్నాను. "నీకూ తెలుసా?"

"చెప్పొద్దన్నాను గాని రెండోరోజే అడిగేశాను వాణ్ని. చెప్పాడు. నేను వెళ్లిపోతే నువ్వు పిన్ని ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటావు. తిండి కూడా అడగవు. అందుకని నోరు మూసుకున్నాను."

"అంటే తప్పు నా నెత్తిన పెడతావా?"

"నువ్వెవరి కోసం మూసుకున్నావు మరి?"

ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

అమ్మాయి అప్పుడే మొదటిపేజీకి ఫోను చేసి, దాచిన మాటలన్నీ తీసేయమంది. అతను ఒప్పుకోలేదు. "లోకమంతా చేసేదేనే బాబూ! తీసేస్తే మళ్లీ ఊరవతలే. తరవాత నన్ననకండి."

"అనం నాయనా," అన్నాను ఫోను దగ్గరికి వంగి. "ఆ పన్నెండుమంది చుట్టాల్ని కూడా నీతో తీసుకుపో."

వారం తిరక్కుండా ఐదో పేజీకి పోయాం. ఫోను మూగబోయింది. ఒకటో తారీఖు ఇంకా పదకొండు రోజులుంది.

ఊరికే కూర్చోలేక నేనే ఒక మాట అన్నాను. "ఇన్నేళ్లుగా జనం ఈ గుమ్మంలో నిలబడి అడిగినవన్నీ నాకు గుర్తే. నేను చెబుతాను, నువ్వు కొట్టు. అడిగేవాళ్లు ఫోనులో అడిగేదీ అవే కదా."

"అన్నీ చెప్పేస్తే ఇక మన దగ్గరికి ఎవరొస్తారమ్మా?"

"సూది తిరగేసి పెట్టుకున్నవాళ్లు ఎందుకు రావాలి? సరిచేసుకుని హాయిగా కుట్టుకుంటారు. ఇరుసు వంగినవాళ్లు ఎలాగూ వస్తారు. అప్పుడు మన మాట నమ్మి వస్తారు."

సూది చదునువైపు ఎటుండాలి, కొత్త దారం ఎందుకు తెగుతుంది, నూనె ఎక్కువైతే గుడ్డకి మరక పడకుండా ఏం చేయాలి, పాత మిషను అమ్మేయడమా బాగుచేయించడమా. రోజుకి రెండు మూడు రాశాం. ఆమె కొట్టినదాన్ని నేను నీలం చేసుకుంటూ చదివి, అర్థంకాని చోట ఆపేదాన్ని. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే. ఐదో పేజీలోంచి నాలుగో పేజీకి వచ్చాం. అంతే.

ఆ పని చేస్తుంటే నా గుడ్డముక్కలు గుర్తొచ్చి ముల్లులా గుచ్చాయి. ఆమె పేజీలో దాచినవి తీయించాను, నేను దాచినవి అలాగే ఉన్నాయి. ఒక ఉదయం పెట్టె దించి, ముక్కలన్నీ నేల మీద కుమ్మరించి, పెట్టెని తడిగుడ్డతో తుడిచి ఆమె మంచం పక్కన పెట్టాను.

"నువ్వు వెళ్లకుండా నేనే కుక్కాను ఇవన్నీ. ఇప్పుడు ఖాళీ చేశాను. ఇక నీ ఇష్టం."

"తెలుసు," అంది పక్క సర్దుతూ. "దుమ్ము పట్టకముందే ఒకసారి దించి చూస్తే రాయిలా ఉంది. నీ దగ్గర బరువైనవి గుడ్డముక్కలూ దిగుళ్లూ తప్ప ఇంకేమున్నాయి?"

వెళ్తాననలేదు. వెళ్లననలేదు. పెట్టె మంచం పక్కనే ఉంది.

రెండురోజులకి ఆ మిషను ఆవిడ మళ్లీ వచ్చింది, మళ్లీ చంకన మిషనుతో. నేను ముందే మంచినీళ్ల గ్లాసు అందించాను.

"తిట్టడానికి రాలేదులెండి," అంది. "మేస్త్రిగారే పంపారు. చూపు ఉందిగాని చేతులు వణుకుతున్నాయట. 'నా దగ్గరికి ఎవరు పంపారు?' అని అడిగితే జరిగిందంతా చెప్పేశాను. ఒకటే నవ్వు. 'ఆ ఇంటివాళ్లు అబద్ధం మొదలుపెడతారు గాని చివరిదాకా ఆడలేరు, నా శిష్యుడూ అంతే' అన్నారు. మీ అమ్మాయి చేతే చేయించుకోమన్నారు."

దుప్పటి మడతలోంచి చిన్న పొట్లం తీసి, "ఇది కూడా మేస్త్రిగారే ఇమ్మన్నారు," అంటూ ఇచ్చింది. అందులో పడవ ఆకారపు షటిల్. ఒక పక్క చేత్తో అరగదీసిన గీతలు.

అమ్మాయి కళ్లు మూసుకుని చక్రం తిప్పింది. విన్నది. సాయంత్రానికి ఆ మిషను గుసగుసలాడినట్టు కుట్టింది. ఆవిడ గుడ్డముక్కని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "మా అమ్మ ఏమీ అనుకోదులే," అంది తనలో తను.

మర్నాడు మేస్త్రిగారికి అమ్మాయి ఫోను చేసింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు. వినకూడదని పెరట్లో నిలబడ్డాను. తరవాత తెర తిప్పి చూపించింది. మేస్త్రిగారి మనవరాలు ఆయనకి పెట్టిన వెబ్‌సైట్ అది. ఒక ఫోటో, ఒక చిరునామా. వాటి కింద కొత్తగా ఒక వరస చేరింది. నేను మౌసు పట్టుకుని లాగాను. పాత మిషన్లు నేనిప్పుడు చేయలేకపోతున్నాను, నా శిష్యుడి కూతురి దగ్గరికి వెళ్లండి, అని మా కొట్టు పేరూ దారీ ఇచ్చారు. ఆ వరస నల్లగా, అందరికీ కనిపించేట్టు ఉంది. అది మా పేజీకి దారి తీస్తోంది.

"ఇలా ఒక నిజమైన కొట్టు మనవైపు వేలు చూపిస్తే, వెతికే యంత్రం కూడా లెక్కచేస్తుందే అమ్మా," అంది అమ్మాయి. ఆ వారం మూడో పేజీకి వచ్చాం. ఫోను రోజుకి రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పాత మిషన్లే, రెండుసార్లూ మా కోసమే.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే లేచేసరికి అమ్మాయి జోళ్లు వేసుకుని, పెట్టె పట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఎక్కడికే?"

"వంతెన దగ్గరికి. పాత షటిళ్లూ బాబిన్లూ ఒక గదినిండా ఉన్నాయట ఆయన దగ్గర, వచ్చి తీసుకెళ్లమన్నారు. వాటికి ఇంతకంటే గట్టి పెట్టె మనింట్లో ఏది?"

"మరి రేపు... ఒకటో తారీఖు?"

"ఫ్యాక్టరీకి నిన్ననే చెప్పేశాను, రానని." వీధిలోకి దిగి వెనక్కి తిరిగింది. "మధ్యాహ్నానికల్లా వస్తాను. గేటు దగ్గర నిలబడకు, ఎండ."

అలాగే అన్నాను. ఆమె, ఆ గోధుమరంగు పెట్టె తాళాల కొట్టు దాటి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.