పిలిచిన పేరుకే చెయ్యి

ఆ ఏటి కోతల పండుగ ఆదివారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. భయంతో కాదు, సంబరంతో. డెబ్బై ఐదో సంవత్సరం. అంతర్జాతీయ మహిళా సంవత్సరమంటూ రేడియో చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. దేశంలో ఎలక్షన్ల మాట ఎవరూ ఎత్తని రోజులు. మా చర్చిలో మాత్రం ఎలక్షనే. అదీ మా పాక మీద.

రాజోలు పక్కన మా పేటలో, చర్చి వెనక, ఆడవాళ్ళ సమాజం పాక ఒకటి ఉండేది. నేను స్కూలు టీచర్ని. సాయంత్రం పూట ఆ పాకలో పెట్రోమాక్సు లైటు వెలిగించి ఆడపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. దాన్ని కొబ్బరి గిడ్డంగికి అద్దెకిమ్మని అంబాజీపేట వర్తకుడొకాయన అడిగాడు. సంఘం పెద్దలు చంకలు గుద్దుకున్నారు. కోతల పండుగ రోజు ఆరాధన అయ్యాక చేతులెత్తించి తేల్చేద్దామన్నారు.

చేతులంటే మగవాళ్ళ చేతులే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ చర్చికి తీసుకెళ్తే సెక్రటరీ ఇంటి యజమాని పేరు గట్టిగా పిలుస్తారు. అప్పుడు బియ్యం గంపలో పోస్తాం. తర్వాత గంపను వేలం వేస్తారు. సంఘంలో ఓటు ఆ పిలిచిన పేరుకే. పిడికిలి మాది, పేరు వాళ్ళది. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న నియమం ఒకటి మాకు ఎలాగూ ఉంది. మేం "మా ఇంటాయన" అని నసిగితే సెక్రటరీయే పేరు పూర్తి చేసేవారు. ఆ సెక్రటరీ ఎవరో కాదు, మా ఆయన ప్రకాశరావు. రాస్తున్నాను గానీ పలకడం లేదు లెండి.

ఈ పద్ధతిలో అందరికన్నా అన్యాయమైపోయింది ఎలీసమ్మగారు. ఆవిడ భర్త దేవదానంగారు పోయి చాలా ఏళ్ళైంది. అయినా ప్రతి ఆదివారం ఆయన పేరే పిలిచేవారు. కిందటేడు ఏదో విషయంలో ఆవిడ చెయ్యెత్తితే, సంఘ పెద్ద ఇశ్రాయేలుగారు, "పిలిచిన పేరుకే చెయ్యమ్మా. మీ పేరు పిలవలేదు గదా," అన్నారు. ఆవిడ చెయ్యి దించేసింది. ఆ పాక కప్పుకి తాటాకు మోసింది ఆవిడ, కూలి పని మానుకుని మరీ. కూతురు ఇందిర పదో తరగతి. ఇంట్లో కిరసనాయిలు బుడ్డి తప్ప దీపం లేదు. పాక పోతే ఇందిర చదువు అటకెక్కినట్టే.

పండుగ ముందు గురువారం ఆడవాళ్ళందరం పాకలో చేరాం. చేతుల్లో కుట్టుపని, కడుపులో మంట. హాస్టల్లో నాకు చదువు చెప్పిన హార్కర్ దొరసాని తన ఊరి సంగతులు ఎన్నో చెప్పేది. వాటిలో ఒకటి ఎత్తుకున్నాను.

ఇంగ్లండులో ఉన్ని మిల్లుల మధ్య చిన్న ఊరు. దొరసాని మేనత్తకు పాడి ఉండేది. ఆడవాళ్ళకు ఓటు లేని కాలం. ఓటివ్వని సర్కారుకు పన్నెందుకు కట్టాలని ఆవిడ భీష్మించుకుంది. సర్కారు మనుషులు వచ్చి ఆవును తోలుకుపోయి సంతలో వేలం పెట్టారు.

"వేలమాండీ? మన చర్చిలోలాగానా?" అంది సువార్తమ్మ. ఆవిడ ఇశ్రాయేలుగారి భార్య.

"అచ్చం అలాగే. పైగా వేలం ఆలస్యమైంది. ఆవుకి పొదుగు నిండిపోయింది. పాలు తియ్యబోయిన పోలీసాయన్ని అది ఒక్క తన్ను తన్నింది!"

పాక నవ్వులతో దద్దరిల్లింది. నాకు హుషారు పుట్టింది.

"ఆవిడ స్నేహితురాళ్ళే చందాలేసుకుని ఆవుని పాడుకున్నారు. ఓటు కావాలని రాసిన అట్ట దాని మెడలో కట్టి ఊరంతా ఊరేగించేరు. ఊళ్ళో మగాళ్ళు పిచ్చిదన్నారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధమొచ్చింది. కుర్రాళ్ళంతా ఫ్రాన్సు వెళ్ళిపోయేరు. మరి ట్రాముల్లో టిక్కెట్లు కొట్టిందెవరు? ఉత్తరాలు పంచిందెవరు? ఫ్యాక్టరీలో గుండ్లకి మందు కూరీ కూరీ మొహాలు పచ్చబడిపోయిందెవరికి? తిండికి కటకటైతే చర్చి చుట్టూ బంగాళాదుంపలు నాటిందెవరు?"

"ఆడోళ్ళేనండి!" అన్నారు అందరూ ఒక్కసారి.

"యుద్ధం ముగిసిన ఏడు ఓటిచ్చేరు. అదీ ముప్పై దాటి, ఇంతో అంతో ఆస్తి ఉన్న ఇళ్ళవాళ్ళకే. మేనత్త కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళి వేసొచ్చింది. అందుకని చెబుతున్నాను, ఈ ఆదివారం ఎవరూ కుండ తేవద్దు. ఓటు లేదు, బియ్యం లేదు!"

ఎలీసమ్మగారు సూది పక్కన పెట్టింది.

"తప్పండి టీచరుగారూ. ఆవిడ ఎగ్గొట్టింది రాజుగారికండి. ఈ పిడికెడు దేవుడిదండి. ఆపితే ఎవరికి ఆపినట్టండీ?"

"ఆయ్, నిజమేనండి," అన్నారు ఇందాక నవ్వినవాళ్ళే. నాకు తిక్క రేగింది. గొంతు నొప్పెట్టేలా చెప్పిందంతా బూడిదలో పోసినట్టైంది. అయితే కొబ్బరి కుడకలు ఎండేసుకోండని విసురుగా లేచాను.

"కూర్చోండి," అంది ఎలీసమ్మగారు. "ఒక్క మాట చెప్పండి. ఓటెయ్యడానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఏ పేరు చెప్పిందండీ?"

"తన పేరే. ఇంకెవరి పేరు చెబుతుంది?"

"అయితే మనం బియ్యం ఆపద్దండి. పేరు మారుద్దాం."

ఆవిడ్ని గట్టిగా కావలించుకున్నాను. ఆదివారం దాకా మా ఆయన దగ్గర ఈ సంగతి దాచడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. గుమ్మానికి వరి కంకులు, బల్ల ముందు అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రసంగం నా చెవికెక్కితే ఒట్టు. కుండలతో వరసలో నిలబడ్డాం. ముందు ఎలీసమ్మగారు, వెనక నేను.

"దేవదానంగారు!" అని పిలిచారు మా ఆయన.

ఎలీసమ్మగారు కదల్లేదు.

"పొయ్యండి పిన్నిగారూ."

"ఆయన రాలేదండి బాబూ. సమాధిలో ఉన్నారండి. బియ్యం తెచ్చింది నేను. నా పేరు ఎలీసమ్మండి. పిలవండి, పోస్తాను."

చర్చంతా గుసగుసలు. ఇశ్రాయేలుగారు లేచారు. "ఇదేం చోద్యమమ్మా? యజమాని పేరు పిలవడం కదా మన ఆనవాయితీ?"

"మా ఇంటికి యజమానిని నేనేనండి. ఇంకెవరున్నారండీ?"

"యజమాని సంగతి తర్వాత, నా పేరు కూడా చూసుకోండి," అన్నాను నేను మా ఆయనతో. వెనక నుంచి "నా పేరూ," "నా పేరూనండి," అని వరసంతా అందుకుంది. పాస్టరు అయ్యగారు బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించేసుకున్నారు. మా ఆయన చెమట తుడుచుకుని అయ్యగారి వైపు చూశారు, ఇశ్రాయేలుగారి వైపు చూశారు, నా వైపు చూశారు. నేను కళ్ళు తిప్పలేదు.

"ఎలీసమ్మగారు!" అని పిలిచారు.

బియ్యం గంపలో జలజలా పడింది. తర్వాత నా వంతు. పెళ్ళైన నాటి నుంచి "ఇదిగో," "ఏమేవ్" తప్ప మరో పిలుపు ఎరగని మనిషి. "సలోమి!" అన్నారు, నలుగురిలో, గట్టిగా. నాకు ఏడుపొచ్చేసింది. సగం బియ్యం గంప బయట పోశాను.

అందరి పేర్లూ అయ్యాక పాక సంగతి ఎత్తారు. అద్దెకివ్వాలన్నవాళ్ళను చెయ్యెత్తమన్నారు. ఇశ్రాయేలుగారు ఠక్కున ఎత్తారు, ఆయన వెనకే మగవాళ్ళంతా.

"దించండి," అంది ఆడవాళ్ళ చాప మీంచి సువార్తమ్మ. "మీ పేరు పిలవలేదు గదండీ. నా పేరు పిలిచేరు."

మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తమ బియ్యం తామే తెచ్చుకున్న ఇద్దరు ముగ్గురివి తప్ప మిగతా చేతులన్నీ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. వద్దన్నవాళ్ళు ఎత్తండి అనగానే చాపల మీద గాజులు ఘల్లుమన్నాయి. పాక మాదే! ఇందిర కిటికీ దగ్గర గెంతుతోంది.

మా ఆయన లెక్కపెట్టుకుంటూ వచ్చి ఎలీసమ్మగారి దగ్గర ఆగిపోయారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తింది.

"ఒక్కటి చాలు పిన్నిగారూ."

"ఇందాక ఆయన పేరూ పిలిచేరు గదా బాబూ. పోయిన కాణ్ణించీ వారం వారం పిలుస్తానే ఉన్నారు, ఒక్కసారీ చెయ్యెత్తనివ్వలేదు. ఇదిగో, ఈ చెయ్యి ఆయనదండి."

మా ఆయన రెండూ లెక్కపెట్టారు.