గ్లాసు వేరు, బ్లేడు ఒకటే

చిన్న టైలర్ రక్తం ఇద్దామని వెళ్తే, నీ రక్తం మాకొద్దని తిప్పి పంపారు. హెపటైటిస్ బి ఉందట. చడీచప్పుడు లేకుండా కాలేయంలో కాపురం పెట్టి, పట్టించుకోకపోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌ని పిలుచుకొచ్చే పురుగట. డాక్టరమ్మ మాత్రలు రాసింది, ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి రమ్మంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమని, లేనివాళ్లు టీకా వేయించుకుంటే నిశ్చింతగా ఉండొచ్చని చెప్పింది.

కబురు వినగానే వదిన లేచి వెళ్లి మరిది కంచం, గ్లాసు వేరు పెట్టింది. పొరపాటు జరగకుండా గ్లాసు అడుగున గోళ్ల రంగుతో ఎర్రచుక్క కూడా పెట్టింది. అన్న, అంటే పెద్ద టైలర్, కొట్లో తన మిషను గోడవారకి జరుపుకున్నాడు. తమ్ముడు దగ్గితే మొహం తిప్పుకునేవాడు.

ఇన్ని జాగ్రత్తల్లోనూ బ్లేడు జోలికి ఎవరూ పోలేదు. గడ్డం గీసి గీసి మొద్దుబారిన బ్లేడుని సగానికి విరిచి, కొట్లో కుట్లు విప్పడానికి వాడడం వాళ్ల నాన్ననాటి పొదుపు. అన్నదమ్ములిద్దరికీ అదే ముక్క. ఒకడి వేలు తెగితే, ముక్కని ప్యాంటుకి తుడిచి రెండోవాడికి అందించడం రోజూ ఉన్నదే. గ్లాసుకి వెలి, బ్లేడుకి మర్యాద.

కంచం వల్ల రాదట, రక్తం అంటిన బ్లేడు వల్ల వస్తుందట, ఒక్కసారి పరీక్షకి రమ్మని తమ్ముడు బతిమాలాడు. తనకేం రోగమని, రాయిలా ఉన్నానని, లివర్ జబ్బులు తాగుబోతులకే వస్తాయని అన్న కొట్టిపారేశాడు. చుక్క ముట్టని నాన్న కడుపు ఉబ్బి, లివర్ చెడి పోతే, దొంగచాటుగా తాగేవాడని వీధంతా తీర్మానించింది. ఆ తీర్మానానికి మొదట చెయ్యెత్తింది ఈ పెద్దకొడుకే.

తమ్ముడు కొత్త బ్లేడ్లు కొనిపెడితే, అన్న వాటిని సొరుగులో దాచి పాత ముక్కే తీశాడు. అదే నాన్నకి పుట్టి అదే బ్లేడు పట్టినవాళ్లం, అదే పురుగు అన్నయ్య కడుపులోనూ ఉంటే? నేను మాత్రలు మింగి బతుకుతూ, అన్నయ్య పొగరు మింగి పోతుంటే చూస్తూ కూర్చోవాలా? మిషను తొక్కుతున్నంతసేపూ చిన్న టైలర్‌ని ఇదే తొలిచేసింది. మంచిమాట చెవికెక్కని మనిషికి ఎక్కేదేదో చూద్దామనుకున్నాడు.

మర్నాడు పొద్దున వదిన టీ పెట్టి అటు తిరగగానే గ్లాసులు మార్చేశాడు. అన్న జుర్రుకుంటూ ఆఖరి గుక్క దాకా తాగాడు.

"అన్నయ్యా, గ్లాసు అడుగు చూశావా?"

చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఉప్పునీళ్లు పుక్కిలించాడు, మళ్లీ పళ్లు తోముకున్నాడు, మెడలో టేపు తీయడం కూడా మరిచి ఆసుపత్రికి పరుగెత్తాడు. ఇన్నాళ్లూ బతిమాలినా కదలని కాళ్లు, ఒక టీగ్లాసుకి రెక్కలు తొడుక్కున్నాయి. వెనకాలే వదినా, ఆవిడ వెనకాల నవ్వాపుకుంటూ తమ్ముడూ.

పరీక్షలో వదినకి లేదు. అక్కడికక్కడే మొదటి టీకా వేశారు. పెద్ద టైలర్‌కి ఉంది. తమ్ముడి నవ్వు అక్కడే ఆగిపోయింది.

తన గొంతు కోసింది ఆ గ్లాసేనని అన్న డాక్టరమ్మ ముందు తమ్ముడి మీద ఫిర్యాదు మొదలెట్టాడు.

"టీగ్లాసు వల్ల రాదయ్యా. పొద్దున తాగితే మధ్యాహ్నానికి తేలదు కూడా. చూస్తే ఇది ఏళ్లనాటిది. మీ నాన్నగారు దేనితో పోయారు?"

అన్న నోరు తెరిచాడు. తాగుడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. "లివర్‌తో," అన్నాడు.

స్కానింగ్‌లో గడ్డలేవీ లేవు. కాలేయం ఇంకా దారి తప్పలేదని, మాత్రలు మానకుండా వేసుకోమని, ఆరు నెలలకి మళ్లీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. గేటు దాటుతూనే అన్నకి పాత కూత వచ్చేసింది.

"ఏమీ లేదన్నారుగా, మళ్లీ దేనికిరా?"

"ఏమీ లేనప్పుడే రావాలి. ఉన్నాక వస్తే చూసేదేముంది?"

అన్న మెడలో టేపు తీసి చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మళ్లీ నువ్వెప్పుడు వస్తావ్?"

"వచ్చే నెల. నాకు ఆరు నెలలు అప్పటికి నిండుతాయి."

"నాకూ నీతోనే చీటీ రాయించు," అన్నాడు చెప్పుల వంక చూస్తూ. "ఆ ఆసుపత్రి వరండాలో ఒక్కణ్ణే కూర్చోలేనురా."