ఫ్రిజ్ తలుపు మీద పూర్వవిద్యార్థి

నేను ఒక విజిటింగ్ కార్డుని. మందపాటి కాగితం, ఉబ్బెత్తు అక్షరాలు. నా మీద ఉన్న పేరు గొర్రెపాటి వేణుమాధవ్, ఇంగ్లండులో ఒక నీటిశుద్ధి కంపెనీకి డైరెక్టరు. అంత పేరు మోస్తున్న కాగితానికి కాస్త పొగరుండదూ? నాకూ ఉండేది.

అక్కడే తాను చదివిన యూనివర్సిటీలో పూర్వవిద్యార్థుల సభకి వచ్చి, ఆయన గంటసేపు తన కష్టాలు చెప్పుకున్నాడు. మనవాళ్ళెవరైనా, ఎప్పుడైనా తనకి రాయొచ్చని చెప్పి, నన్ను ముందువరుసలో ఉన్న శశిభూషణ్ చేతిలో పెట్టాడు. చప్పట్లు మోగాయి. సమోసాలు అయిపోయాయి.

శశిభూషణ్ రాశాడు, ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోతూ నన్నూ, ఆ ఉత్తరం నకలునీ తానున్న అద్దె ఇంట్లో వదిలిపోయాడు. ఐదుగురు తెలుగు విద్యార్థులుండే ఇల్లది. నన్ను అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకి అతికించారు. ఆ తర్వాత ఎవరు రాసినా అదే ఉత్తరం, కింద పేరు మాత్రం వేరు. పరీక్షకి కలిసొచ్చిన పెన్ను మార్చనివాళ్ళు ఉత్తరం మారుస్తారా? ఒక్కదానికీ జవాబు రాలేదు. అయినా తప్పు ఉత్తరానిది కాదట, పంపినవాళ్ళ జాతకానిదట.

ఆ ఇంట్లోనే ఉండే స్ఫూర్తిది నల్లగొండ జిల్లా. ఆమె వీసాకి ఇంకా నలభై రోజులే గడువుంది. ఆలోపు ఉద్యోగం రాకపోతే వెనక్కి పోవాలి. సరిగ్గా ఆమె చదివిన పనికే వేణుమాధవ్ కంపెనీలో ఖాళీ పడింది. ఆ పిల్ల నా ఎదురుగా వంటగది బల్ల దగ్గర కూర్చుని, "నా గురించి నేనే రాస్త అక్కా" అంది.

ఇంట్లో అందరికన్నా పెద్దది గుంటూరు ప్రజ్వల. ఆమె ఒప్పుకోలేదు. "కలిసొచ్చినదాన్ని కెలకమాకే. పేరు మార్చి పంపెయ్."

పంపింది. నాకు నోరుంటే అడ్డుపడేదాన్ని.

మూడు వారాలకి జవాబొచ్చింది. "ఈ ఉత్తరం ఇప్పటికి తొమ్మిదిమంది పంపారు. ఇందులో మీరెవరమ్మా?"

స్ఫూర్తి సిగ్గుతో ఏడ్చింది. తర్వాత తన మాటల్లో రాసింది. ఊళ్ళో ఫ్లోరైడు నీళ్ళు తాగి అన్న కాళ్ళు వంకరపోయిన సంగతి, చెల్లెలై ఉండీ తానే అతన్ని సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళిన సంగతి, అందుకే నీళ్ళ చదువు పట్టుకున్న సంగతి. ఆ పూటే జవాబు. ఇది ముందే రాయాల్సిందట. ఆ ఉద్యోగం నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశారట. చదివి చాలా బాధపడ్డాడట. ఉద్యోగం ఇచ్చేశాక బాధపడటం ఎంత సుళువో!

గడువు తీరింది, ఆమె వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళు స్టేషన్ దాకా వెళ్ళి సాగనంపారు, నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు ప్రజ్వల పాత ఉత్తరం తీసేసి స్ఫూర్తి ఉత్తరాన్ని అందరికీ పంచింది. పంపిన పూటే జవాబు తెచ్చిన ఉత్తరం మరి!

స్ఫూర్తి గదిలోకి అమలాపురం నుంచి హేమచంద్ర వచ్చాడు. ఇంటికి ఒక్కడే సంతానం. వేణుమాధవ్‌కి పంపితే దొరికిపోతామని, వేరే కంపెనీలో ఉన్న ఇంకో పూర్వవిద్యార్థికి ఆ ఉత్తరమే పంపాడు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఫ్రిజ్ మీద నా చోట కొత్త కార్డు వెలిసింది, నేను చెత్తబుట్టలో పడ్డాను.

అక్కణ్ణుంచే విన్నాను. ఇంటర్వ్యూకి తయారవుతూ హేమచంద్ర అడిగాడు: "అన్నకి ఏ కాలు వంకరని అడిగితే ఏం చెప్పాలండి అక్కా?"

ప్రజ్వల ఉత్తరం తిరగేసిన చప్పుడైంది.

"రెండూ అని చెప్పు."